పాకాల అడవి అవతల ఎర్రరాయి

గత వారం పాకాల చెరువు కట్ట దగ్గర ఆగాం. గణపతిదేవుడి ఏలుబడిలో, 1213 ప్రాంతంలో, జగదాల ముమ్మడి కట్టించిన ఆ చెరువును కుడిఎడమల నుంచి పట్టి నిలబెట్టినవి గుట్టలు. ఆ గుట్టల రాళ్లకు భూశాస్త్రంలో ఈ చెరువు పేరే ఉంది. భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన విలియం కింగ్ ఈ రాతి పొరలకు ‘పాకాల’ అని పేరు పెట్టాడు. ప్రాణహిత, గోదావరి లోయల మీద 1881లో అచ్చయిన ఆయన గ్రంథం నుంచి నేటి దాకా వంద కోట్ల ఏళ్లు పైబడిన ఈ పలకరాళ్లను, గచ్చురాళ్లను శాస్త్రజ్ఞులంతా ఆ పేరుతోనే పిలుస్తున్నారు. చెరువు దాటి నర్సంపేట దారిలో కొత్తగూడ వైపు అడవిలోకి పోతే ఇరుపక్కలా కనిపించేవి ఈ రాళ్లే.

కొత్తగూడ మండలం గుంజేడులో ముసలమ్మ జాతర జరుగుతుంది. కోయ ఇలవేల్పుల జాతరల్లో పూసల దుకాణం లేని జాతర ఉండదు. తట్టల్లో ఎర్రవి, నల్లవి, పసుపువి, రకరకాల దండలు. ఇప్పుడవన్నీ గాజువి, ప్లాస్టిక్‌వి. రాతి పూస మనవాళ్ల మెడల్లోంచి ఎప్పుడో జారిపోయింది. కానీ ఎర్ర పూసలకు దక్షిణాది మొత్తానికీ పేరు తెచ్చిన ముడిరాయి ఈ అడవికి వంద కిలోమీటర్ల లోపే, ఆగ్నేయాన, కొత్తగూడెం పట్టణానికి చేరువలో ఉన్న ఒక గుట్టలో పుట్టింది. ఆ ఊరు గరీబ్‌పేట. ఆ రాయి గార్నెట్. ఈ వారం కథ దానిదే.

నవరత్నాల్లో గోమేధికం మనకు తెలుసు. అదీ గార్నెట్ కుటుంబానిదే, కాకపోతే అందులో సున్నపు పాలు ఎక్కువ, రంగు తేనె ఛాయ. గరీబ్‌పేట రాయి ఆ కుటుంబంలో మరో శాఖ. ఇందులో ఇనుము, అల్యూమినియం, సిలికా కలిసి ఉంటాయి. శాస్త్రజ్ఞులు దీన్ని ఆల్మండైన్ అంటారు. ముదురు ఎరుపులో కొంచెం వంగపండు ఛాయ ఉంటుంది. చేతిలో పెట్టుకుంటే నల్లగా కనిపించే ముక్కే ఎండకు ఎదురుగా పట్టుకుంటే పండిన దానిమ్మ గింజలా వెలుగుతుంది.

ఇది పుట్టాలంటే రాయి ఉడకాలి. బంకమట్టి పేరుకుని గట్టిపడితే పలకరాయి అవుతుంది. పాకాల గుట్టల్లో చాలా మట్టుకు కథ అక్కడే ఆగింది. అలాంటి మట్టిరాయే పదిహేను, ఇరవై కిలోమీటర్ల లోతుకు అణగి, ఐదారు వందల డిగ్రీల వేడికి ఉడికితే అందులోని ఇనుము, అల్యూమినియం చెదిరి మళ్లీ పేర్చుకుంటాయి. తళుకు అభ్రకం పొరల మధ్య ఎర్రటి గింజలు పెరుగుతాయి. ఖమ్మం వైపు సాగే రూపాంతర శిలల పట్టీలో జరిగింది ఇదే. ఆ గింజలకు సహజంగానే ముఖాలు ఉంటాయి. సాన పట్టకుండానే పన్నెండు ముఖాలతోనో ఇరవై నాలుగు ముఖాలతోనో గుండ్రంగా పెరిగిన స్ఫటికం బయటపడుతుంది. కోట్ల ఏళ్ల ఎండావానలకు మెత్తటి రాయి కరిగిపోతుంది. గట్టి గింజలు మిగిలి గుట్ట దిగువన మట్టిలో, వాగు గులకరాళ్లలో పేరుకుంటాయి. గరీబ్‌పేట గుట్ట చుట్టూ గార్నెట్లు దొరికేది ఇలాగే. గుట్టను పగలగొట్టనక్కర్లేదు, దిగువన గుంత తవ్వి మట్టి జల్లించి కడిగితే చాలు. లోహపు పనిముట్లు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో కూడా ఈ రాయి అందుబాటులో ఉండడానికి కారణం అదే.

గట్టిదనంలో వజ్రానికి 10 వేస్తే దీనికి 7 నుంచి 7.5 వేస్తారు. పలుగురాయి 7. అంటే గాజును సులువుగా గీస్తుంది, ఇసుక ధూళికి తొందరగా మాసిపోదు. వజ్రానికి, పుష్యరాగానికి ఉన్నట్టు ఒక దిక్కున దెబ్బ తగిలితే నిలువునా చీలే గుణం దీనికి లేదు. పూసగా చేసి బెజ్జం వేసేవాడికి ఇంతకంటే కావలసింది ఏముంది?

తొలి చారిత్రక యుగంలో దక్షిణ భారతంలో పూసల పనికి పెద్ద పేరున్న ఊరు అరికమేడు. పుదుచ్చేరికి దక్షిణాన అరియాంకుప్పం నది ఒడ్డున ఉంది. గ్రీకు గ్రంథాల్లో కనిపించే ‘పొదుకె’ రేవు ఇదేనని చరిత్రకారుల అభిప్రాయం. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించినప్పుడు ఇటలీలో చేసిన ఎర్రటి మట్టిపాత్రలు, ద్రాక్షసారా తెచ్చిన జాడీల ముక్కలు దొరికి ప్రపంచమంతా అటు చూసింది. ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త కసాల్, 1989 నుంచి 1992 దాకా విమలా బెగ్లీ ఆ పనిని కొనసాగించారు. జాడీల ముక్కల మీద ఎంత రాశారో, అక్కడి మట్టిలో చిందరవందరగా పడి ఉన్న రాతి పూసల మీదా అంత రాయాల్సింది. సూర్యకాంతం, స్ఫటికం, అకీకు, వాటి నడుమ ఎర్రటి గార్నెట్. ముడిరాయి ఉంది, సగం చెక్కినవి ఉన్నాయి, బెజ్జం వేస్తుండగా పగిలినవి ఉన్నాయి, పూర్తయిన పూసలూ ఉన్నాయి. అంటే పూసలు అక్కడే తయారయ్యాయి. మరి ఆ రాయి ఎక్కడిది?

దానికి జవాబు 2017లో వచ్చింది. లండన్ నుంచి వెలువడే ‘జర్నల్ ఆఫ్ జెమ్మాలజీ’లో కార్ల్ ష్మెట్జర్, ఆల్బర్ట్ గిల్గ్, ఉల్రిచ్ ష్యూస్లర్, మన దేశపు రత్నశాస్త్రవేత్త జయశ్రీ పంజీకర్, తోమా కాలిగారో, పాట్రిక్ పెరాన్ కలిసి రాసిన పరిశోధన వ్యాసం అది. అరికమేడు గార్నెట్లనూ గరీబ్‌పేట గార్నెట్లనూ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. రాయిలో ఏ మూలకం ఎంత ఉందో కొలిచారు, సూక్ష్మదర్శిని కింద లోపలి గుర్తులు చూశారు. గరీబ్‌పేట గింజ నడిభాగంలో సిల్లిమనైట్ అనే ఖనిజపు సన్నటి సూదులు గుంపుగా ఉంటాయి. అంచుకు వచ్చేసరికి రాయి తేటపడుతుంది. నడుమ ఒక తీరు, అంచున ఒక తీరుగా మూలకాల పాళ్లు మారుతూ పోతాయి. గింజ పెరిగిన కాలంలో వేడి, ఒత్తిడి ఎలా మారాయో చెప్పే జాతకం అది, వేరే గనిలో అచ్చంగా అలాగే రాదు. అరికమేడు పూసల్లో ఉన్నది ఆ జాతకమే.

కొత్తగూడెం నుంచి అరికమేడుకు తిన్నగా గీత గీస్తే 600 కిలోమీటర్లు దాటుతుంది. నడక దారి, నీటి దారి కలిపితే అంతకంటే చాలా ఎక్కువ. కొత్తగూడెం పక్కన పారే ముర్రేడు వాగు కిన్నెరసానిలో, కిన్నెరసాని గోదావరిలో కలుస్తాయి. గోదావరి దిగువకు పోతే సముద్రం. దక్షిణానికి దిగితే నేలకొండపల్లి. శాతవాహన, ఇక్ష్వాకుల కాలపు బౌద్ధ స్తూపం ఉన్న ఊరు, కృష్ణా తీరానికి పోయే దారిలో మజిలీ. ఎడ్ల మీద, తెప్పల మీద, చివరకు తీరం వెంట సాగే ఓడల మీద మూటలు కదిలి ఉంటాయి. చిన్న మూటలో పెద్ద విలువ ఇమిడే సరుకు ఇది, ధాన్యంలా బండ్లకెత్తాల్సిన పని లేదు. అడవిలో మట్టి జల్లించినవాడికి ఆ మూటకు బదులు ఏం దక్కిందో ఏ శాసనమూ రాయలేదు. ఉప్పు, ఇనుము, గుడ్డ అయి ఉంటాయని నా ఊహ. ఈ చరిత్రలో మొదటి పేరు నిజానికి ఆ మనిషిది కావాలి.

రోమన్లు ఈ రకం రాళ్లన్నిటినీ కలిపి ‘కార్బుంక్యులస్’ అనేవారు, నిప్పుకణిక అన్న భావంతో. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయిన రోమన్ రచయిత ప్లినీ తన ‘ప్రకృతి చరిత్ర’ 37వ సంపుటిలో భారతదేశపు నిప్పుకణిక రాళ్ల గురించి రాశాడు. వాటిలో కొన్ని ఎంత పెద్దవంటే, తొలిచి అర లీటరుకు పైగా పట్టే పాత్రలు చేసేవారట. ఆయనే మరోచోట ఇంకో మాట చెప్పాడు. మన ముత్యాలంటే రోమన్లకు ఎంత మోజో, మధ్యధరా సముద్రపు పగడాలంటే భారతీయులకు అంత మోజని. ఎర్ర సముద్రపు వ్యాపార దారిని వర్ణించిన ‘పెరిప్లస్’ గ్రంథం కూడా మన రేవులకు దిగే సరుకుల్లో పగడాన్ని చెప్పింది.

ఈ రెండో మాట దగ్గర కాసేపు ఆగాలి. ఇవాళ్టికీ తెలుగింటి పెళ్లిలో పుస్తెల పక్కన గుచ్చేవి పగడాలు, నల్లపూసలు. మన ఆడబిడ్డ మెడలో పగడం మంగళకరమని నమ్మకం స్థిరపడడానికి వెనక రెండు వేల ఏళ్ల సముద్ర వ్యాపారం ఉంది. అటు నుంచి ఎర్రటి పగడం వచ్చింది, ఇటు నుంచి ఎర్రటి గార్నెట్ పోయింది. పగడం మనతో ఉండిపోయింది. గార్నెట్‌ను మాత్రం మనం మరిచిపోయాం, దాన్ని గుర్తుపెట్టుకున్నది పరాయి దేశాలవాళ్లు.

ఎంతగా గుర్తుపెట్టుకున్నారో చూడండి. 1653లో ఇప్పటి బెల్జియంలోని టూర్నే పట్టణంలో పునాది తవ్వుతుంటే ఒక సమాధి బయటపడింది. 481 ప్రాంతంలో చనిపోయిన ఫ్రాంకుల రాజు చిల్డరిక్‌ది. కత్తి పిడి నిండా, ఒర నిండా బంగారు గదుల్లో పొదిగిన ఎర్ర గార్నెట్ పలకలు. వందల సంఖ్యలో బంగారు తేనెటీగలు, వాటి రెక్కలకూ గార్నెట్లే. నెపోలియన్ తన పట్టాభిషేక వస్త్రాలపై తేనెటీగల బొమ్మ కుట్టించుకున్నది వీటిని చూసే. 1831లో పారిస్‌లో దొంగలు పడి ఆ నిధిలో చాలా భాగం కరగబెట్టారు. నేడు మిగిలిన తేనెటీగలు రెండే. ఇంగ్లండులో 1939లో సటన్ హూ దగ్గర తవ్విన ఓడ సమాధిలో, 7వ శతాబ్దపు తొలినాటి భుజ కీలులు, డబ్బు సంచి మూత, బెల్టు బిళ్లలు దొరికాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ భుజ కీలును దగ్గరగా చూస్తే పని తెలుస్తుంది. మిల్లీమీటరు మందాన కోసిన గార్నెట్ పలకలు, మెట్లు మెట్లుగా చెక్కిన అంచులు, ఒకదానికొకటి సందు లేకుండా కూర్చిన తీరు. ప్రతి పలక కింద సన్నటి గళ్లు నొక్కిన బంగారు రేకు ఉంటుంది. వెలుగు రాయిలోంచి దిగి ఆ గళ్ల మీద విరిగి పైకి వస్తుంది. లేకపోతే అంత ముదురు రాయి నల్లగా చచ్చిపోయేది.

ఇలాంటి నగల్లోని రాళ్లను పారిస్‌లో కాలిగారో, పెరాన్‌లు అణుకిరణాలతో పరీక్షించారు. 6వ శతాబ్దం దాకా ఫ్రాంకుల నగల్లో ప్రధానంగా భారతదేశం, శ్రీలంక వైపు రాళ్లే ఉన్నాయని, ఆ శతాబ్దం చివరికి వచ్చేసరికి వాటి స్థానంలో బొహీమియా దేశపు చిన్నచిన్న గార్నెట్లు చేరాయని తేల్చారు. ఎర్ర సముద్రపు దారి చిక్కుల్లో పడడమే కారణమని పండితుల అంచనా. రాయి రావడం తగ్గగానే యూరప్‌లో ఒక నగల పద్ధతే సన్నగిల్లింది. దూరదేశపు రాజుల అలంకారం మన సముద్రపు గాలి మీద అంతగా ఆధారపడిందన్నమాట.

మన శాస్త్రాలకు ఈ రాయి తెలియనిది కాదు. వరాహమిహిరుడి ‘బృహత్సంహిత’ రత్నాధ్యాయంలో చెప్పిన 22 రత్నాల్లో ‘పులకం’ ఒకటి. బుద్ధభట్టు ‘రత్నపరీక్ష’, గరుడ పురాణం కూడా దాన్ని వర్ణించాయి. అది గార్నెట్టేనని ఫ్రెంచి పండితుడు లూయీ ఫినో 1896లో సూచించాడు. రత్నాలన్నీ బలాసురుడి దేహం నుంచి పుట్టాయని గరుడ పురాణ కథ. నెత్తురు కెంపులైంది, పళ్లు ముత్యాలయ్యాయి, ఎముకలు వజ్రాలయ్యాయి. ఆ కథలో నెత్తురు కెంపులకు దక్కింది కానీ, ఇనుముతో ఎర్రబడే గార్నెట్‌కే ఆ పోలిక ఎక్కువ నప్పుతుంది. మన రక్తం ఎర్రదనంలోనూ ఇనుముంది.

ఇక పల్లెల్లో నాగమణి కథ వినని పిల్లలు లేరు. పాము పడగ మీద రాయి, రాత్రిపూట దాన్ని పక్కన పెట్టి ఆ వెలుగులో పాము మేతకు పోతుందని, పేడ ముద్ద వేసి కప్పేస్తే మణి దక్కుతుందని చెబుతారు. చీకట్లో వెలిగే ఎర్రరాయి మీద ఈ నమ్మకం మనకొక్కరికే లేదు. యూదుల కథల్లో నోవహు ఓడ లోపల చీకటిని పోగొట్టింది ఒక మణే. దాన్ని నిప్పుకణిక రాయిగా చెప్పుకున్న వాళ్లున్నారు. మధ్యయుగపు యూరప్‌లో ఆ రాయి దీపంలా వెలుగుతుందని, ప్రయాణంలో రక్షిస్తుందని, విషాన్ని కనిపెడుతుందని నమ్మారు. గార్నెట్ నిజానికి చీకట్లో వెలగదు. దానిలోని ఇనుము ఆ గుణాన్ని చంపేస్తుంది. అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టినా చాలా కెంపులు ఎర్రగా మెరుస్తాయి కానీ గార్నెట్ మెరవదు. అయినా ఒక్క నూనె దీపం వెలుతురును పట్టి తిరిగిచ్చే ఎర్రరాయిని చూసినవాడికి అది తనంత తానే వెలుగుతున్నట్టు తోచడంలో వింత లేదు.

జ్యోతిషం చెప్పేవాళ్లు కెంపు కొనలేనివారికి సూర్యుడి ఉపరత్నంగా ఎర్ర గార్నెట్‌ను ఉంగరంలో పెట్టుకొమ్మంటారు. 1912లో అమెరికా నగల వర్తకుల సంఘం తయారుచేసిన జన్మరత్నాల జాబితాలో జనవరికి దీన్నే కేటాయించింది. ఆ జాబితా ఇప్పుడు మన దుకాణాల్లోనూ వేలాడుతోంది. నమ్మకం ఎవరిష్టం వారిది. డబ్బు పెట్టి కొనేటప్పుడు మాత్రం కళ్లు తెరిచి కొనాలి. గార్నెట్‌ను కెంపని అంటగట్టడం పాత మోసం. రెండింటి సాంద్రతా ఇంచుమించు నాలుగే కాబట్టి బరువును బట్టి తేలదు. కెంపు గట్టిదనం 9, కానీ నగను గీసి చూడలేం. రత్నపరీక్షకులు వాడే చిన్న గొట్టం, డైక్రోస్కోపు, ఉంటుంది. దానిలోంచి చూస్తే కెంపు రెండు ఛాయలు చూపిస్తుంది, గార్నెట్ ఎటు తిప్పినా ఒకటే ఛాయ. ఇంకో చిట్కా అయస్కాంతం. విడిగా ఉన్న రాయిని నీళ్లలో తేలే చిన్న బెండు మీద పెట్టి నియోడిమియం అయస్కాంతాన్ని దగ్గరకు తెస్తే, ఇనుమున్న గార్నెట్ బెండుతో సహా అయస్కాంతం వైపు జరుగుతుంది. కెంపు కదలదు. పిల్లలకు చూపిస్తే మళ్లీ మళ్లీ చేయమంటారు.

అవుసలి చేతిలో ఈ రాయికి రెండు మర్యాదలు ఉన్నాయి. ముదురు రాయిని పైన గుబ్బగా నున్నగా సాన పట్టి, కింద గిన్నెలా తొలుస్తారు. మందం తగ్గి వెలుగు దూరుతుంది. రోమన్ ఉంగరాల్లోనూ నిన్నమొన్నటి యూరప్ నగల్లోనూ ఈ తీరు కనిపిస్తుంది. రెండోది రేకు పద్ధతి. సటన్ హూలో బంగారు రేకు చేసిన పనిని మన కుందనం నగల్లో రాయి కింద పెట్టే మెరుపు రేకు చేస్తుంది. లోపల సూదులు ఎక్కువగా ఉన్న రాయిని గుబ్బగా చెక్కితే నాలుగు రేకులతోనో ఆరు రేకులతోనో నక్షత్రం కనిపిస్తుంది. నక్షత్ర గార్నెట్లకు ప్రపంచంలో అమెరికాలోని ఐడహో రాష్ట్రం, భారతదేశం ప్రసిద్ధం.

19వ శతాబ్దంలో దక్కన్ అంతా తిరిగిన ఇంగ్లీషు వైద్యులు, భూశాస్త్రజ్ఞులు గరీబ్‌పేట గార్నెట్లను తమ నివేదికల్లో రాసుకున్నారు. అప్పటి పాల్వంచ తాలూకా తర్వాత నిజాం పాలనలో వరంగల్ జిల్లాలో భాగమైంది. అంటే కొత్తగూడ, గరీబ్‌పేట ఒకే జిల్లా కింద ఉన్న రోజులున్నాయి. 1953లో ఖమ్మం జిల్లా విడిపోయింది. 2016లో కొత్తగూడ మహబూబాబాద్ జిల్లాకు, గరీబ్‌పేట భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చేరాయి. ఈలోగా ఆ నేల కింది నల్ల రాయి ఎర్ర రాయిని మరిపించింది. ఇల్లెందు బొగ్గు, సింగరేణి గనులు, కొత్తగూడెంలో కంపెనీ ప్రధాన కార్యాలయం. ఇప్పుడు గార్నెట్ అంటే చాలామందికి తెలిసింది గరుకు కాగితం మీద అతికించే పొడి, నీటిధారలో కలిపి ఉక్కును కోసే ఇసుక. పరిశ్రమకు అదీ కావాలి. కానీ రెండు వేల ఏళ్ల కిందటి పూసకు పుట్టిల్లయిన మట్టిని ఇసుక లెక్కన లారీలకెత్తితే మళ్లీ దొరకదు. పరిశోధకులు పోల్చి చూసుకోవడానికి గుట్ట, దిగువన గులకమట్టి, రెండూ మిగిలి ఉండాలి.

భూగర్భ సర్వే సంస్థ దేశంలో ఎన్నో చోట్లను జాతీయ భూవిజ్ఞాన స్మారకాలుగా ప్రకటించింది. గరీబ్‌పేట గుట్టకు ఆ గుర్తింపు అడగడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు. రాష్ట్ర వారసత్వ శాఖ ఆ ఊళ్లో ఒక బోర్డు పెట్టాలి, తెలుగులో. జిల్లా మ్యూజియంలో ఒక గాజుపెట్టెలో గరీబ్‌పేట గులక, అరికమేడు పూస పక్కపక్కన ఉంచాలి. ఆ దారిలో పోయే ఉపాధ్యాయులు పిల్లల్ని తీసుకెళ్లి గుట్ట చూపించండి. ఎర్ర గింజ కనిపిస్తే చూసి, ఫొటో తీసి, అక్కడే వదిలేయండి.

వచ్చే వారం ఇల్లెందు బొగ్గు, విలియం కింగ్ ప్రయాణం.